పండక్కి ఇంటిల్లిపాదీ కూర్చుని చూడటానికి ‘కల్కి 2898 ఏడీ’ బాగుంటుందా?

పాలకొల్లు పిల్లకాలువ
అందరికీ నమస్కారం అండీ. ఈ సంక్రాంతికి అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం అందరం పాలకొల్లులో కలుస్తున్నాం. ముక్కనుమ నాడు భోజనాలయ్యాక హాల్లో పెద్ద టీవీలో ఒక సినిమా పెట్టుకుందామని పిల్లల పట్టు. వాళ్లు అడుగుతున్నది ‘కల్కి’. 2024 జూన్ 27న అది విడుదలైనప్పుడు మేం సార్వా నారుమళ్ల హడావిడిలో ఉన్నాం, థియేటర్‌కి వెళ్లడం పడలేదు. ఇప్పుడు ప్రైమ్‌లో తెలుగులో ఉంది కాబట్టి అడుగుతున్నాను.

నా అనుమానాలు మూడు. నాన్నగారికి 74 ఏళ్లు. ఎన్టీఆర్ పౌరాణికాలంటే ప్రాణం. ఈ తుపాకులు, ఎగిరే బళ్లు ఆయనకి ఎక్కుతాయా? పిల్లల్లో చిన్నవాడికి 8 ఏళ్లు, వాడు భయపడతాడా? మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మా చెల్లికి ఏడో నెల. కథ అంతా ఒక గర్భిణి చుట్టూనే తిరుగుతుందని విన్నాను. తను కూర్చుని చూడొచ్చా? చూసినవాళ్లు కథ పూర్తిగా చెప్పేయకుండా కాస్త వివరంగా రాయండి.

భీమవరం డార్లింగ్
మొగల్తూరు పక్క ఊరు మాది. కృష్ణంరాజు గారి కాలం నుంచి మా ఇంట్లో ఆ కుటుంబం సినిమా వస్తే పండగే. కాబట్టి ప్రభాస్ అభిమానిగానే చెప్తున్నాను. తప్పకుండా చూడండి, కానీ ప్రభాస్ కోసమని మాత్రం కూర్చోకండి. ఆయన వేసిన భైరవ అంటే డబ్బుకి మనుషుల్ని పట్టిచ్చేవాడు. కాశీలోంచి బయటపడి, పైన ఆకాశంలో వేలాడే కాంప్లెక్స్‌లోకి వెళ్లాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి, అవి సంపాదించడమే వాడి ధ్యాస. మంచితనం లేదు, ఆశయం లేదు. సలార్‌లో చూసిన ప్రభాస్‌ని ఊహించుకుని వెళ్లిన మా బ్యాచ్‌లో కొందరు మొదటి సగం అయ్యేసరికి నీరసపడ్డారు.

నాకు మాత్రం ఆ స్వార్థపరుడి పాత్రే నచ్చింది. అలాంటివాడి లోపల ఇంకేదో నిద్రపోతోందని చివరి పావుగంటలో తెలిసినప్పుడు మా హాల్లో గోల ఆగలేదు. ఆ పావుగంట కోసం ఓపిక పట్టొచ్చు.

కాకినాడ కెరటం
నేను మాత్రం వద్దనే అంటాను. మూడు గంటల సినిమా. కురుక్షేత్రం సీన్ అయిపోయాక దాదాపు గంటసేపు కథ కదలదు. ఒకరి తర్వాత ఒకరు తెలిసిన ముఖాలు వచ్చి పలకరించి వెళ్లిపోతుంటారు. రాజమౌళి వస్తారు, రామ్‌గోపాల్‌ వర్మ వస్తారు, దుల్కర్ వస్తారు. హాల్లో విజిల్స్ వేయడానికి బాగుంటుంది గానీ ఇంట్లో కూర్చుని చూస్తే కథకి అడ్డం తగులుతున్నట్టే ఉంటుంది. భైరవ ఇంటి ఓనరుగా బ్రహ్మానందం గారిని పెట్టి కూడా నవ్వించలేకపోయారంటే రాతలోనే లోపం ఉంది.

ఇంకో సంగతి. నీళ్లన్నీ ఒక్కడి చేతిలో ఉండటం, ఆడవాళ్లని పిల్లల్ని కనే యంత్రాలుగా బంధించడం, ఎడారిలో బళ్ల వేట. 2015లో వచ్చిన ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’లో ఇవన్నీ చూసేశాం. అది రెండు గంటల్లో ఊపిరి తీసుకోనివ్వకుండా చెప్పింది. యాక్షన్ కోసమే అయితే ముందు అది చూడండి, కాకపోతే పిల్లలు లేకుండా.

గౌతమీ తీరం
బాబూ పిల్లకాలువా, నేను రాజమండ్రిలో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. మీ నాన్నగారి గురించి నేను చెప్తాను. నా వయసూ దాదాపు అంతే.

ఆయనకి తప్పకుండా చూపించు. ఈ సినిమా భారతంలోని సౌప్తిక పర్వం ఎక్కడ ముగిసిందో అక్కడే మొదలవుతుంది. నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపిన అశ్వత్థామ, ఉత్తర గర్భం మీదకి అస్త్రం వేశాక కృష్ణుడి శాపానికి గురైన ఘట్టం అది. పోతన గారి భాగవతంలో ద్రౌపది అశ్వత్థామని నిలదీసే పద్యం బళ్లో చదువుకున్న ప్రతివాడికీ ఆ పేరు వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. భారతంలో శాపం మూడువేల ఏళ్లు. దీంట్లో దాన్ని కలియుగాంతం దాకా లాగారు. కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైందని మన లెక్క. దానికి 2898 కలిపితే ఆరువేల ఏళ్లు. పేరులోని ఆ అంకె వెనక ఉన్న లెక్క అదే. సినిమా మొదలయ్యే ముందే మీ నాన్నగారికి ఈ మాట చెప్పి కూర్చోబెట్టు, మిగతాది ఆయనే అందుకుంటారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. కృష్ణుడు కనిపిస్తాడు గానీ ముఖం కనపడదు. నీడలాగా నల్లగా ఉంటాడు, మాట మాత్రం వినిపిస్తుంది. తెలుగువాడికి కృష్ణుడంటే ఎన్టీఆర్ ముఖమే. ఎవరి ముఖం చూపించినా మనం పోల్చి చూసి పెదవి విరిచేవాళ్లం. దర్శకుడు నాగ్ అశ్విన్ అంతకు ముందు ‘మహానటి’ తీసినవాడు. ఆ తరం సినిమా మన మనసుల్లో ఎంత లోతుగా దిగబడిందో అతనికి తెలుసు. కాబట్టే ముఖాన్ని ప్రేక్షకుడి ఊహకి వదిలేశాడు.

కోనసీమ శైలు
అన్నయ్యా, మీ చెల్లి విషయం నేను చెప్తాను. ఈ సినిమా వచ్చినప్పుడు నాకు ఆరో నెల. అమలాపురంలో మా ఆయనతో వెళ్లి చూశాను.

మొదట్లోనే ఉత్తర కడుపు మీదకి అస్త్రం దూసుకొచ్చే సీన్ ఉంటుంది. అప్పుడు నాకు తెలియకుండానే చెయ్యి కడుపు మీదకి వెళ్లిపోయింది. తర్వాత కాంప్లెక్స్‌లో ప్రాజెక్ట్ కె అని ఒక ల్యాబ్ ఉంటుంది. గర్భిణుల్ని వరసగా ఉంచి, కడుపులోని బిడ్డ దగ్గర్నుంచి సీరమ్ తీస్తుంటారు. ఆ తీసేటప్పుడు అమ్మాయిలు చచ్చిపోతుంటారు. రక్తం పెద్దగా చూపించలేదు గానీ వాళ్ల ముఖాల్లో భయం, అక్కడి చల్లటి తెల్లటి వెలుతురు నన్ను చాలాసేపు వదల్లేదు. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మా అత్తయ్య గారు మర్నాడు మా ఆయన్ని బాగా కోప్పడ్డారు.

అయినా నేను చూసినందుకు బాధపడలేదు. ఆ గర్భిణి సుమతిగా వేసిన దీపిక మంటల్లోంచి నడిచివచ్చే సీన్ ఉంది. ఒక్క డైలాగ్ లేదు. కడుపుతో ఉన్న ఆడదాన్ని మన సినిమాల్లో ఎప్పుడూ జాలిపడటానికే చూపిస్తారు. ఇందులో ప్రపంచమంతా ఆమె కోసం కొట్టుకుంటుంటే ఆమె మాత్రం తన బిడ్డ కోసం అడుగు ముందుకి వేస్తుంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

కాబట్టి చెల్లికి ముందే అన్నీ చెప్పండి. తననే తేల్చుకోమనండి. ఇంట్లోనే కదా, ల్యాబ్ సీన్లు వచ్చినప్పుడు ముందుకి జరిపేయొచ్చు, లేకపోతే తను లేచి కాసేపు వంటింట్లోకి వెళ్లొచ్చు. చూసి తీరాలని ఎవరూ బలవంతం చేయకండి. చూడొద్దని ఆపేయకండి కూడా.

శివారు రైతు
నేను సినిమాలు తక్కువే చూస్తాను. మా అబ్బాయి లాక్కెళ్తే భీమవరంలో చూశాను. ఇక్కడ ఎవరూ చెప్పని మాట ఒకటి ఉంది, రాస్తున్నాను.

మాది సఖినేటిపల్లి వైపు, కాలువ శివారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇవాళ దాని కింద 10 లక్షల ఎకరాలకి పైగా పారుతోంది. ఆ లెక్కలో మా పొలమూ ఉంది. కానీ దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్లు వంతులవారీగా వదిలారంటే మా వంతు వచ్చేసరికి బోదెలో చీలమండ లోతు నీళ్లు కూడా ఉండవు. పైన తూముల దగ్గర ఎవరికి పలుకుబడి ఉంటే వాళ్ల చేలు తడుస్తాయి. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోలేకపోతే ఆ రెండు నెలలు ఆడవాళ్ల అవస్థ చెప్పనలవి కాదు. కింద చూస్తే ఉప్పునీళ్లు. ఓ పక్క సముద్రం, ఓ పక్క చెరువులు తవ్వి రొయ్య వేసిన పొలాలు. బోరు వేస్తే ఉప్పే.

సినిమాలో కాశీ పక్కన గంగ ఎండిపోయి ఉంటుంది. ఇసుక, తుప్పు, దుమ్ము తప్ప ఇంకేమీ లేదు. తల మీద ఆకాశంలో ఆ కాంప్లెక్స్ తలకిందులు చేసిన పిరమిడ్ ఆకారంలో వేలాడుతుంటుంది. లోపలికి కెమెరా వెళ్లగానే పచ్చటి చెట్లు, నీళ్లు. కిందవాళ్ల దగ్గర్నుంచి లాక్కున్నవే అన్నీ. మా వాడు పక్కన బళ్లు, తుపాకులు చూసి చప్పట్లు కొడుతున్నాడు. నా కళ్లు మాత్రం ఆ నీళ్ల మీదే ఉన్నాయి. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కథ అంటున్నారు. నాకైతే అది మా కాలువ మీద ప్రతి దాళ్వాకీ జరిగే కథే. గోదారి ఒడ్డున పుట్టినవాళ్లం నది ఎండిపోవడం ఊహించలేం. దాన్ని కళ్లకి కట్టినట్టు చూపించారు కాబట్టి పిల్లలు చూడాల్సిన సినిమానే అంటాను.

పాలకొల్లు పిల్లకాలువ
శైలు గారూ, చాలా థ్యాంక్స్ అండీ. మీరు రాసింది చెల్లికి అలాగే పంపించాను. మాస్టారూ, మూడువేల ఏళ్లు అన్న మాట చెప్పగానే నాన్న ‘సినిమా వాళ్లకి ఆ మాత్రం తెలుసా’ అని అడిగారు. ఇప్పుడు ఆయనే తొందరపడుతున్నారు.

రైతు గారూ, మాదీ కాలువ కింద పొలమే. మీ మాట చదివాక ఈ సినిమాని ఇంకోలా చూస్తాననిపిస్తోంది.

ఒక సాంకేతిక అనుమానం. టీవీ 55 అంగుళాలది. సౌండ్‌బార్ లేదు. సరిపోతుందా?

రీలుడబ్బా
నేను కొన్నాళ్లు హాల్లో ప్రొజెక్షన్ పని చేశాను, అందుకే ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలనిపించింది. తెర సైజు సరిపోతుంది, సౌండే తక్కువవుతుంది. సంతోష్ నారాయణన్ సంగీతం, పేలుళ్లు, భైరవ కారు బుజ్జి మాటలు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. టీవీ స్పీకర్లలో డైలాగులు మునిగిపోతాయి. నేను మొదటిసారి చూసిన హాల్లో కూడా సౌండ్ సరిగా లేక సగం మాటలు అర్థం కాలేదు. మళ్లీ ఇంట్లో చూస్తే గానీ కథలో లింకులు తెలియలేదు. పక్కింట్లోనో చుట్టాల ఇంట్లోనో సౌండ్‌బార్ ఉంటే ఆ పూటకి తెచ్చుకోండి. కుదరకపోతే తెలుగు సబ్‌టైటిల్స్ కోసం చూడండి, ఉంటే పెట్టేయండి. కిటికీలు మూసి కర్టెన్లు వేసేయండి. పగలు వెలుతురులో ఆ చీకటి సీన్లలో ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియదు. టీవీ సెట్టింగుల్లో మోషన్ స్మూతింగ్ లాంటిది ఉంటే ఆపేయండి, లేదంటే గ్రాఫిక్స్ అంతా సీరియల్‌లా కనిపిస్తుంది.

కెరటం గారు ఇవన్నీ ‘మ్యాడ్ మ్యాక్స్’లో చూసేసినవే అన్నారు. కథలో కొంత నిజమే. కానీ బుజ్జిని చూడండి. అది కంప్యూటర్‌లో గీసింది మాత్రమే కాదు, నిజంగా నడిచే బండి. మహీంద్రా వాళ్లు, కోయంబత్తూరులోని జయేం వాళ్లు కలిసి చేశారు. ఆరు టన్నుల బరువు. ముందు రెండు చక్రాలు, వెనక గోళాకారంలో ఒకే ఒక చక్రం. దానికి గొంతు కీర్తి సురేశ్‌ది. ఒక తెలుగు సినిమా కోసం ఇలాంటి బండి తయారుచేసి రోడ్డు మీద నడిపించారంటే నాకు గర్వంగా ఉంది. అశ్వత్థామ దాక్కున్న గుడి కూడా చూడండి. నెల్లూరు జిల్లా పెరుమాళ్లపాడులో పెన్నా ఇసుకలో పూడిపోయి 2020లో తవ్వి తీసిన నాగేశ్వరస్వామి గుడి ఈ సినిమాలో కనిపిస్తుంది.

కాకినాడ కెరటం
బండి బాగుంది, కాదనను. కానీ ఎంత ఖర్చు పెట్టారన్నది ప్రేక్షకుడికి అనవసరం కదండీ. పాత్ర మీద మనకి ప్రేమ పుట్టాలి. 1991లో సింగీతం గారు ‘ఆదిత్య 369’ తీశారు. ఇప్పటి గ్రాఫిక్స్ ఏవీ లేవు. అయినా టైమ్ మెషీన్‌లో కృష్ణదేవరాయల కాలానికి వెళ్తే మనమూ వెళ్లాం, 2504లోకి వెళ్తే మనమూ భయపడ్డాం. ఎందుకంటే మొదటి పది నిమిషాల్లోనే ఆ మనుషులు మనవాళ్లైపోయారు. కల్కిలో నాకు మనవాడు అనిపించింది ఒక్క అశ్వత్థామే.

భీమవరం డార్లింగ్
అదైతే ఒప్పుకుంటాను కెరటం అన్నా. 81 ఏళ్ల వయసులో అశ్వత్థామగా అమితాబ్ గారు ఆ గుడ్డపట్టీలు చుట్టుకుని గుడిలోంచి లేచి నిలబడిన సీన్‌లో మా హాల్లో ప్రభాస్ అభిమానులం కూడా లేచి నిలబడ్డాం. నుదుటి మీద మణి పీకేసిన పుండు, కళ్లలో అలసట. అంత పొడుగు మనిషి ఒక చిన్నపిల్లతో మాట్లాడటానికి వంగితే ఎంత దయగా అనిపిస్తుందో. ఆయనకీ భైరవకీ మధ్య ఫైట్‌లో మా హీరో దెబ్బలు తింటుంటే కూడా మాకు కోపం రాలేదు. పైగా మన సింగీతం గారే ఈ సినిమాకి మెంటర్‌గా ఉన్నారు, అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

గౌతమీ తీరం
ఇక్కడి నుంచి కథ బయటపడుతుంది. ఇంకా చూడనివాళ్లు ఈ మాటలు దాటేయండి.

భైరవ ఎవరన్నది చివర్లో తెలిశాక నాకు కొంచెం ఇబ్బంది కలిగింది. కర్ణుడిని గొప్పచేయడం మన నాటకాల కాలం నుంచీ ఉన్నదే, దానికి నాకు అభ్యంతరం లేదు. అర్జునుడిని తక్కువ చేసినట్టు కనిపించిందే, అది బాధ. భారతం చదివినవాడికి ఇద్దరూ మహావీరులే. మీ నాన్నగారు కూడా అక్కడ గొడవ పెట్టుకుంటారు బాబూ, సిద్ధంగా ఉండు.

పేర్లు పడుతున్నాయని టీవీ కట్టేయకండి, ఆ తర్వాత కమల్ హాసన్ సీన్ ఉంది. అక్కడ ఆయన వేసిన ప్రతినాయకుడు యాస్కిన్ నోట శ్రీశ్రీ ‘జగన్నాథుని రథచక్రాలు’ వినిపిస్తుంది. పతితుల కోసం, భ్రష్టుల కోసం రాసిన కవిత అది. దాన్ని ఆ పతితుల రక్తం తాగేవాడి నోట్లో పెట్టారు. విన్న వెంటనే కోపం వచ్చింది. ఇంటికొచ్చాక ఆలోచిస్తే అంతకంటే భయంకరమైన ప్రతినాయకుణ్ణి చూపించడం కష్టమనిపించింది. పీడితుల మాటల్ని కూడా లాగేసుకున్నవాడి దగ్గర జనానికి ఇంకేం మిగులుతుంది? రైతు గారు నీళ్ల గురించి రాసింది చదివాక ఈ సీన్ నాకు ఇంకా బాగా అర్థమైంది.

భీమవరం డార్లింగ్
మాస్టారూ, అర్జునుడిని తక్కువ చేయలేదండీ. విజయ్ దేవరకొండ కనిపించేది కాసేపే కాబట్టి అలా అనిపించింది. రెండో భాగంలో న్యాయం చేస్తారని నా నమ్మకం.

పాలకొల్లు పిల్లకాలువ
మాస్టారూ, మీరు దాటేయమన్న భాగం నేను చదవలేదండీ, నాన్నతో కూర్చుని చూశాకే చదువుతాను. చెల్లి చూస్తానంది. ల్యాబ్ సీన్లు వస్తే రిమోట్ తన చేతిలోనే ఉంటుందని షరతు పెట్టింది. చిన్నవాడి గురించి ఎవరైనా చెప్పండి.

కోనసీమ శైలు
8 ఏళ్ల పిల్లాడికి ఫైట్లు ఫరవాలేదు అన్నయ్యా. బుజ్జి ఉన్నంతసేపూ కదలడు. భయపడితే కురుక్షేత్రం శవాల గుట్టలకే భయపడతాడు, ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ముందు ప్రైమ్‌లోనే ‘బుజ్జి అండ్ భైరవ’ అని యానిమేషన్ ఉంది, అది చూపిస్తే ఆ లోకం అలవాటవుతుంది. పెద్దవాళ్లు కూడా చూడొచ్చు, కాశీ అంటే ఏంటో, కాంప్లెక్స్ అంటే ఏంటో ముందే తెలుస్తుంది.

రీలుడబ్బా
మంచి సలహా. ఇంకో మాట, ప్రైమ్‌లో ఉన్నది థియేటర్ కంటే కొన్ని నిమిషాలు తక్కువ. కొంచెం నయమే. మధ్యలో టీ కోసం ఆపాలనుకుంటే ఇంటర్వెల్ దగ్గరే ఆపండి. అశ్వత్థామ, భైరవ తలపడుతుండగా మాత్రం లేవకండి.

శివారు రైతు
రెండో భాగం ఎప్పుడొస్తుంది? మా అబ్బాయి అడుగుతున్నాడు.

భీమవరం డార్లింగ్
తేదీ చెప్పలేం బాబాయ్. దీపిక రెండో భాగంలో ఉండరని నిర్మాతలు వైజయంతీ వాళ్లు 2025 సెప్టెంబర్‌లో ప్రకటించారు.

కోనసీమ శైలు
ఆ వార్త చదివి నాకు చాలా దిగులేసింది. బిడ్డ ఇంకా పుట్టనే లేదు. మొదటి భాగమంతా మనం ఆ తల్లి ముఖాన్నే చూశాం. ఇప్పుడు ఇంకో ముఖం వస్తే ఆ మంటల్లో నడిచింది ఈమే అని మనసు ఒప్పుకోవడానికి టైమ్ పడుతుంది. ఎవర్ని తీసుకున్నా సుమతికి ఈసారి మాటలు ఎక్కువ రాయాలి. మొదటి భాగంలో అందరూ ఆమెని కాపాడటం గురించే మాట్లాడారు, ఆమె ఏమనుకుంటోందో ఎవరూ అడగలేదు.

కాకినాడ కెరటం
శైలు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. సినిమా నాకు నచ్చకపోయినా రెండో భాగానికి మాత్రం వెళ్తాను, అది కూడా పెద్ద తెర మీదే. కమల్ హాసన్‌ని రెండు సీన్లకే పరిమితం చేసి సగంలో ఆపేశారు. ఆయనకీ అమితాబ్‌కీ ఎదురెదురుగా ఒక పెద్ద సీన్ రాయాలి, తుపాకులు, గ్రాఫిక్స్ పక్కన పెట్టి మాటలతోనే నడవాలి. అతిథి పాత్రలు తగ్గించి ఆ టైమంతా కాశీలో ఉన్న మామూలు జనానికి ఇవ్వాలి. వాళ్లకి నీళ్లు ఎలా తిరిగొస్తాయో చూపించకుండా కల్కి పుట్టాడని కథ ముగిస్తే మాత్రం నేను ఒప్పుకోను.